కుడి చేతిలో ఎర్ర మందారం

మా మరదలంటే నాకు అసూయ. ఈ మాట పైకి అనడానికి నాకు పదిహేడేళ్ళు పట్టింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. లేకపోతే మధ్యలో ఎక్కడో మర్యాద అడ్డొచ్చి మింగేస్తాను.

మరదలంటే మా ఆయన చెల్లెలు. నాకంటే పదకొండేళ్ళు చిన్న. నేను సాలూరులో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేసరికి ఆరో తరగతి చదువుతోంది. భిన్నాలు రాక ముక్కు చీదుకుంటుంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది నేను. ఇంటర్ అయ్యాక మెకానికల్ ఇంజనీరింగ్ తీసుకోమన్నది నేను. చివరికి, నేను ఏళ్ళ తరబడి నలుగుతున్న పరిశోధననే ఆమెకి చూపించి, "ఇందులోకి రావే, బాగుంటుంది" అన్నదీ నేనే. నా కళ్ళల్లో నేనే కారం కొట్టుకున్నాను.

వచ్చింది. వచ్చిన ఏడాదికే మా గైడు గారు నాతో మాట్లాడేటప్పుడు "మీ మరదలు ఏమంటోందంటే" అని మొదలుపెట్టడం నేర్చుకున్నారు.

నాది పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. శ్రీకాకుళం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, మూల్యాంకనం పేపర్లు దిద్ది, అరసవల్లిలో గుడికెళ్ళే ఆటోలు మలుపు తిరిగే చోట ఉన్న మా అద్దె ఇంటికి వచ్చి, కుక్కరు పెట్టి, అప్పుడు కంప్యూటర్ తెరవాలి. ఆమెది పూర్తికాలం. పొద్దున లేస్తూనే కంప్యూటర్ ముందు కూర్చునే భాగ్యం ఆమెది. ఈ తేడా నేను ఎవరికి చెప్పినా "అయినా ఆ పిల్ల చురుకైనది" అంటారు. అంటే నేను మొద్దునన్నమాట.

మేమిద్దరం చేసే పని ఏమిటో చెప్పాలి. గుండె పని చేయడం మానేసే స్థితికి వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఎక్మో అనే యంత్రం పెడతారు. అది సిరలోంచి నల్లబారిన రక్తాన్ని బయటికి లాగి, ఆక్సిజన్ పట్టించి, ఎర్రగా చేసి, తొడ దగ్గర ధమనిలోకి తిరిగి తోస్తుంది. గుండె, ఊపిరితిత్తులు చేసే పని కొన్నాళ్ళు అది చేస్తుంది. తిరకాసు ఎక్కడంటే, గుండె నుంచి రక్తం పైనుంచి కిందికి వస్తుంది. యంత్రం తోసే రక్తం కింద నుంచి పైకి పోతుంది. రెండూ పెద్ద ధమనిలో ఎక్కడో ఒక చోట ఎదురుపడతాయి. నాగావళి సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటు ఉన్నప్పుడు ఉప్పునీరు ఎంత దూరం పైకొస్తుందో, ఏటిలో నీరు పెరిగితే ఎంత వెనక్కి పోతుందో ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళకి తెలుసు. ఇదీ అలాంటిదే. గుండె బలహీనంగా ఉన్నంతసేపు యంత్రం రక్తం పైదాకా వచ్చేస్తుంది. గుండె కోలుకోవడం మొదలుపెడితే ఆ కలిసే చోటు కిందికి జరుగుతుంది. గుండె కోలుకున్నా ఊపిరితిత్తులు ఇంకా కోలుకోకపోతే, గుండె పంపే రక్తంలో ఆక్సిజన్ ఉండదు. ఆ నల్ల రక్తమే ముందుగా కుడి చేతికీ, తలకీ వెళ్తుంది. కాళ్ళు ఎర్రగా బాగుంటాయి. మెదడు మాత్రం పస్తుంటుంది.

ఆ కలిసే చోటు ఏ సమయంలో ఎక్కడుంటుందో కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. లెక్క సరైనదైతే విశాఖలో ఒక ఆసుపత్రి డాక్టర్లు దాన్ని వాడి చూస్తామన్నారు. ఇద్దరి మోడళ్ళలో ఒక్కటే వెళ్తుంది. నా గడువు ఆ ఏడాదితో అయిపోతుంది, ఇంక పొడిగింపు లేదు. నాది వెళ్ళకపోతే నా ఏడేళ్ళూ బూడిదలో పోసినట్టే.

నా మోడల్లో మనిషి ఉండడు. ఒక వంకర గొట్టం, దాని నెత్తిన మూడు చిన్న గొట్టాలు. వాటి చివర్లకి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టుకున్నాను. ఒకటి కుడి చేతికీ, తలలో కుడి వైపుకీ వెళ్ళే దారి. రెండు తలలో ఎడమ వైపుకి. మూడు ఎడమ చేతికి. ఏడేళ్ళలో ఎన్నిసార్లు "ఒకటో అవుట్‌లెట్" అని టైపు చేసి ఉంటానో. దాన్ని చెయ్యి అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

రెండేళ్ళ కిందట మా మావయ్యకి ఈ యంత్రమే పెట్టారు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు, మా ఆయనకీ మరదలికీ తండ్రి. సాలూరులో లారీలు నడిపిన మనిషి. స్టీరింగు వదిలి యజమాని అయ్యాక కూడా దారులన్నీ నోటి మీదే ఉండేవి. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాటలా చెప్పేవాడు: సాలూరు, సుంకి, పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం... అలా రాయ్‌పూర్ దాకా ఊపిరి తీసుకోకుండా. ఎక్కడైనా ఊరు తప్పితే తొడపాశం పెట్టమనేవాడు. నాకు ఒక్కసారీ ఆ అవకాశం ఇవ్వలేదు.

ఏదో వైరస్ జ్వరం గుండెకి పాకింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. విశాఖకి తీసుకెళ్ళేసరికి యంత్రం పెట్టక తప్పదన్నారు. మేమంతా ఆసుపత్రి వరండాలో పడి ఉన్నాం. నేను అత్తయ్య పక్కన కూర్చుని యంత్రం ఎలా పని చేస్తుందో వివరంగా చెప్పాను. ఆవిడ "ఊఁ, ఊఁ" అంటూ గోడ వైపు చూస్తూ కూర్చుంది. గంట తరవాత మరదలు వచ్చింది. పాత పేపరు మీద పెన్నుతో బొమ్మ గీసి అదే సంగతి చెప్పింది. నేను చెప్పిందే, నా దగ్గర నేర్చుకున్న మాటలతోనే. అత్తయ్య ఆ కాగితాన్ని మడిచి జాకెట్లో దాచుకుంది.

"నా కూతురు సెప్తుంటే నాకు ధైర్నంగా ఉన్నాది" అని చుట్టాలందరికీ చెప్పింది.

ఒళ్ళు మండిపోయింది. మనిషి లోపల చావుబతుకుల మధ్య ఉంటే నీకు ఇదా అని ఎవరైనా అడగవచ్చు. అవును, నాకు అదే.

నాలుగో రోజు సాయంత్రం లోపలికి ఇద్దరిని పంపించారు. అత్తయ్యా, నేనూ వెళ్ళాం. ఆ పొద్దున అరసవల్లి నుంచి వస్తూ నేను స్వామి పాదాల దగ్గర పెట్టించిన ఎర్ర మందారం తెచ్చాను. పువ్వులు ఐసీయూలోకి తేకూడదు. నర్సు పాలకొండ వైపు అమ్మాయి, మన మాటే. బతిమాలితే పువ్వుని శుభ్రమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి అంటించి ఇచ్చింది. అత్తయ్య దాన్ని మావయ్య కుడి చేతిలో పెట్టబోయింది. చూపుడు వేలికి ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు ఉంది. వేళ్ళు ముడుచుకోవడం లేదు, పువ్వు జారిపోతోంది.

"అమ్మా, ఈ కిలిప్పు ఆ సేతికి మార్సీ" అంది అత్తయ్య నర్సుతో.

"ఎడం సేతిలో ఎట్టండమ్మా పువ్వు. కుడి సేతికే ఉంచమన్నారు డాక్టరు గారు. మణికట్టు కాడ రగతం సూసే సూది కూడా పొద్దున్న తీసేసారు. ఇంక ఇదొక్కటే ఉన్నాది సూసుకోడానికి."

"ఎడం సేతిలో సామోరి పువ్వెలగ ఎడతారే? నీ ఇంట్లో ఎడతావేటి?" అని అత్తయ్య ఏడుపందుకుంది.

నర్సు నా వైపు చూసింది. నేను ఆ క్షణం కోసమే పుట్టినట్టు ముందుకొచ్చాను. "నేను ఈ మిషన్ మీదే పీహెచ్‌డీ చేస్తన్నానమ్మా. ఓ పది నిమిషాలకి ఏటీ అయిపోదు. మార్చీ" అన్నాను.

పీహెచ్‌డీ అన్న మాటకి ఆ పిల్ల తగ్గింది. క్లిప్పు తీసి ఎడమ చేతికి పెట్టింది. అత్తయ్య మావయ్య కుడి చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి పువ్వుని పట్టించింది. నేను గబుక్కున ఫోన్ తీసి ఒక ఫోటో తీశాను. అదీ చేయకూడని పనే. బయటికి వస్తూనే కుటుంబం గ్రూపులో పెట్టాను: "అరసవల్లి స్వామి పువ్వు మావయ్య చేతిలో." నలభై చేతులు నమస్కారం పెట్టాయి. అత్తయ్య నా గడ్డం పట్టుకుని, "నువ్వు నేకపోతే ఒప్పుకునేది కాదు ఆ పిల్ల" అంది. మరదలు పక్కనే ఉంది. నేను ఓరగా చూశాను, విన్నదా లేదా అని. మర్నాడు కాలేజీలో ఇన్విజిలేషన్ ఉంటే ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా మనసు తేలికగా ఉంది. క్లిప్పు సంగతి మళ్ళీ నా తలలోకి రాలేదు.

మావయ్య బతికాడు. అందరూ పువ్వు మహిమ అన్నారు. కానీ ఇంటికొచ్చాక ఊళ్ళ పాట మొదలుపెడితే పొట్టంగి దగ్గర ఆగిపోయేవాడు. రోడ్డు మీద బండి ఆగిపోయినట్టు అక్కడే నిలబడి మా మొహాలు చూసేవాడు. ఐసీయూలో అన్నాళ్ళున్న వాళ్ళకి కొంత మరపు ఉంటుందన్నారు డాక్టర్లు. మేమూ అంతే అనుకున్నాం.

ఇంట్లో మనిషి కాబట్టి ఆయన రికార్డులు పరిశోధనకి ఇవ్వడానికి కుటుంబం ఒప్పుకుంది. గైడు గారు ఇద్దరికీ అవే ఇచ్చారు. ఎవరి మోడల్ ఈ రికార్డుతో కలిస్తే వాళ్ళది ఆసుపత్రికి పంపుదామన్నారు.

రికార్డులో తేలిగ్గా కనిపించే విషయం ఒకటుంది. నాలుగో రోజు సాయంత్రం నుంచి మర్నాడు ఉదయం వరకు చేతి దగ్గర ఆక్సిజన్ తొంభై ఎనిమిది. గీత గీసినట్టు. ఉదయం డాక్టర్ల రౌండు వేళకి ఒక్కసారిగా పడిపోయింది. వాళ్ళు వెంటనే యంత్రం నుంచి ఇంకో గొట్టం వేసి సర్దారు. నా మోడల్ మాత్రం వేరే చెప్పింది. గుండె ముందు రోజు మధ్యాహ్నం నుంచే కోలుకుంటోంది కాబట్టి, ఆక్సిజన్ సాయంత్రం నుంచే పడిపోవాలంది. ఒకటో అవుట్‌లెట్ దగ్గర నల్ల రక్తం అప్పటికే వచ్చేసి ఉండాలంది. నేను నాలుగు నెలలు దాన్ని సరిచేయాలని చూశాను. ఎన్నిసార్లు నడిపించినా మొండిగా అదే జవాబు, దాన్ని కన్న నాలాగే.

మరదలి మోడల్ రికార్డుతో గీత మీద గీత పడినట్టు కలిసింది. ఊపిరితిత్తులు ఉదయం ఒక్కసారిగా దెబ్బతిన్నాయని ఆమె లెక్క. గైడు గారు ఆ గ్రాఫుని తెర మీద వేసి, "చూశారా, ఎంత అందంగా ఉందో!" అన్నారు. నిజంగానే అందంగా ఉంది. నా గ్రాఫు దాని పక్కన పెళ్ళింట్లో పిలవని చుట్టంలా ఉంది. ఆసుపత్రికి మరదలిదే పంపుతున్నామన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే మా ఆయన వంటింట్లోకి తొంగి చూసి, "ఏ గిన్నె మీదే ఇంత కోపం?" అన్నాడు. "నీ చెల్లెలి మీద" అన్నాను. నవ్వేశాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నాడు.

ఆసుపత్రికి పంపడానికి ఇంకా రెండు వారాలుందనగా ఒక ఆదివారం అరసవల్లి గుడికి వెళ్ళాను. మొక్కు ఏమీ లేదు. ఉంటే అది పైకి చెప్పుకునేది కాదు. తీర్థం కోసం వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకావిడ కుడి చంకలో పిల్లని ఎత్తుకుని ఉంది. ఎడమ చెయ్యి చాపింది. పూజారి గారు ఉద్ధరిణి ఎత్తినవారు ఎత్తినట్టే ఆగారు. ఆవిడే నాలుక కరుచుకుని పిల్లని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుని కుడి చెయ్యి చాపింది.

అంతే. నాకు ఐసీయూ కళ్ళ ముందుకొచ్చింది. అత్తయ్య, పువ్వు, క్లిప్పు. ఆ చేతి నుంచి ఈ చేతికి. పది నిమిషాలకని మార్పించి నేను బస్సెక్కేశాను. తిరిగి ఎవరు మార్చారు? ఎప్పుడు మార్చారు?

ఉదయం మార్చారు. రౌండుకొచ్చిన డాక్టర్లు చూసి మార్చి ఉంటారు. అప్పుడే ఆక్సిజన్ పడిపోయినట్టు కనిపించింది. నిజానికి అది సాయంత్రం నుంచే పడిపోయి ఉంది. ఆ సమయమంతా క్లిప్పు మూడో అవుట్‌లెట్ దగ్గర, ఇంకా యంత్రం రక్తమే అందుతున్న ఎడమ చేతి దగ్గర కూర్చుని, అంతా బాగుంది, అంతా బాగుంది అంటోంది. మావయ్య కుడి చేతిలో, పువ్వు పట్టుకున్న చేతిలో, నల్ల రక్తం తిరుగుతోంది. తలలోనూ అదే.

ఇక్కడ నేను అబద్ధం ఆడకూడదు. మొదట నాకు కలిగింది సంతోషం. నా మోడల్ సరైనది! ఆమెది తప్పు! తీర్థం తీసుకోకుండానే వరసలోంచి బయటికొచ్చేశాను. గుడి బయట ఎవరి చెప్పులో వేసుకుని, మళ్ళీ వెనక్కి వచ్చి మార్చుకున్నాను, అంత సంతోషం. ఆటో స్టాండు దాటి మా వీధి మలుపు దాకా వచ్చాక గానీ పొట్టంగి గుర్తుకు రాలేదు.

గుర్తుకొచ్చాక అక్కడే ఒక పాన్ షాపు అరుగు మీద కూర్చుండిపోయాను. నా గెలుపు నిరూపించాలంటే క్లిప్పు మార్పించింది నేనని చెప్పాలి. చెప్పకపోతే తప్పు లెక్క ఆసుపత్రికి వెళ్తుంది. ఎవరో ఇంకో మనిషి చేతిలో ఇంకో పువ్వు, ఇంకో తొంభై ఎనిమిది. మూడో దారి ఒకటుంది, అది కూడా ఆలోచించాను. కొన్నాళ్ళు ఆగి, ఆమె వైవా రోజున ఎవరి చేతనైనా ఆ ప్రశ్న అడిగించడం. నేను అంత పని ఆలోచించగల మనిషినని ఆ అరుగు మీదే నాకు తెలిసింది.

ఆ మధ్యాహ్నమే సాలూరు బస్సెక్కాను. ఆదివారాలు మరదలు అక్కడే ఉంటుంది. మేడ మీద గదిలో మంచం మీద బాసింపట్టు వేసుకుని పని చేసుకుంటోంది. కింద లారీ షెడ్డులో ఎవరో టైరు కొడుతున్న చప్పుడు. నేను తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పాను.

"ఆ రోజు క్లిప్పు ఎడమ చేతికి ఉంది."

ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "తెలుసు వదినా."

నేను గెలవడానికి వచ్చాను. "ఎప్పట్నుంచి?"

"దసరా కాడ్నుంచి. నువ్వు గ్రూపులో ఎట్టిన ఫోటో ఉన్నాది కదా. అమ్మ ఫోన్ తెరిస్తే అదే. రోజూ సూస్తన్నదే. ఓ రోజు కనపడిపోయింది."

"మరి ఊపిరితిత్తులన్నావు?"

"అప్పుడు నిజంగానే అలగే అనుకున్నాను వదినా. మోడల్ అయిపోయి, సారుకి సూపించేసాక తెలిసింది. తరవాత మార్సలేదు."

"తప్పని తెలిసీ ఆసుపత్రికి ఇచ్చేద్దామనుకున్నావేటే?"

"రోజూ రేపు సెప్దామనుకుంటన్నాను." కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. ఏడుస్తుంటే కూడా మొహం వికారంగా అవదు ఆ పిల్లకి. నేనైతే కందిపోయి, ముక్కు ఉబ్బిపోయి చూడ్డానికే ఉండను.

నాలో ఏదో మెత్తబడింది. ఎంత మంచిది, నన్ను కాపాడ్డానికి తన పని పాడు చేసుకుంది అనిపించింది. మంచం అంచున కూర్చుని అడిగాను, "నా కోసమా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నీ కోసం ఏటి వదినా? అమ్మ కోసం. పువ్వెట్టమని ఏడిసింది అమ్మ. దానివల్లే నాన్నకి ఇలగయిందని తెలిస్తే అమ్మ బతుకుతాదేటి? నువ్వు సెప్పుకో, సారుకి సెప్పు, ఆస్పత్రోళ్ళకి సెప్పు. అమ్మకి మాత్రం తెలీకూడదు. ఒట్టెయ్యి."

ఒట్టేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చేసిన త్యాగం కూడా నా పేరు మీదే ఉండాలనుకున్నాను. అది కూడా అత్తయ్యకే వెళ్ళింది. అప్పుడు సైతం, ఆ మంచం అంచున కూర్చుని సైతం, నాకు ఈర్ష్యే కలిగింది. నా కోసం అలా నోరు మూసుకునే కూతురు నాకు లేదని.

ఇంటికెళ్ళాక గైడు గారికి ఒక పేజీ రాశాను. క్లిప్పు మార్చమని అడిగింది నేను, నా చదువు పేరు చెప్పి అడిగాను అని రాశాను. నర్సు గురించి ఏమీ రాయలేదు. మర్నాడు ఆయన ఫోన్ చేసి, "అమ్మా, మీ మోడల్ మొదటి నుంచీ సరిగానే చెబుతోంది" అన్నారు. ఆ ముక్క కోసం ఏడేళ్ళు కాచుకున్నాను. జ్వరం నోటితో అన్నం తిన్నట్టుంది, రుచి తెలియలేదు. డాక్టర్లని అడిగాను, మావయ్య మరపు దానివల్లేనా అని. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు, చెప్పలేం అన్నారు. అవునని తిట్టినా బాగుండేది.

మరదలు తన రిపోర్టు వెనక్కి తీసుకుంది. ఆమెకి ఇంకో ఏడాది పడుతుంది. ఆసుపత్రికి నాది వెళ్ళింది. పంపే ముందు అందులో ఒకే ఒక్క మార్పు చేశాను. ఒకటో అవుట్‌లెట్ అన్న చోటల్లా చెరిపేసి "కుడి చెయ్యి" అని రాశాను. దాని కింద, ఎవరు అడిగినా, ఎందుకు అడిగినా క్లిప్పు ఇక్కడి నుంచి తీయకూడదని రాశాను.

ఆ తరవాత సాలూరు వెళ్ళినప్పుడు మావయ్య వీధరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. అత్తయ్య పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నేను వెళ్ళి కింద కూర్చున్నాను. మావయ్య నన్ను చూసి చనువుగా నవ్వాడు.

"ఒసే అమ్మీ, మీ వదిన రానేదేటి?"

నన్ను కూతురనుకున్నాడు. నేను నోరు తెరిచేలోపే మొదలుపెట్టాడు.

"మంచి పిల్లే అది. ఆ మిషనోల్లతోటి దెబ్బలాడి నా కుడి సేతిలో సామోరి పువ్వెట్టించింది. మీ యమ్మ సెప్పింది. నీకు సదువుంటే ఉండొచ్చు గానీ, అలగ అడగడం నీకు సేత కానేదు. నాను బతికున్నానంటే అదే."

అత్తయ్య పకపకా నవ్వింది. "ఓలమ్మ, ఇదేనయ్యా కోడలు! నీ కూతురు అదిగో, గుమ్మంలో."

తల తిప్పి చూశాను. మరదలు చేతిలో టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. మొత్తం విన్నది. ఆమె ఒక్క మాట అంటే చాలు. నేను ఒక్క మాట అన్నా చాలు. అత్తయ్య చేతిలో చిక్కుడుకాయ తుంచుతూ మా ఇద్దరినీ చూసి నవ్వుతోంది. మరదలు నా వైపు చూసిన చూపు నాకు కొత్త కాదు. పదిహేడేళ్ళుగా నేను ఆమెని అలాగే చూశాను, ఆ మంట ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో నాకు తెలుసు. ఏదో ఒక రోజు ఆమె నన్ను అలా చూడాలని ఎన్ని మొక్కులు మొక్కానో, అవి ఇలా తీరాయి.

"ఇదేనేటి? అయితే సెయ్యి ఇలగియ్యి" అన్నాడు మావయ్య. కుడి చెయ్యి చాపాడు. నా చేతి చుట్టూ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి పట్టుకున్నాడు. చెయ్యి వెచ్చగా ఉంది.

"సాలూరు," అన్నాడు, "సుంకి... పొట్టంగి..."

ఆగాడు. నా మొహంలోకి చూశాడు.

"తరవాత ఏటే?"